పూజ వంతు మాది

మా అమ్మాయి ఓర్లా కారిక్ టౌనులో వంతెన మీద నిలబడి వచ్చేపోయే వాళ్ళ చేతుల్లో కాగితాలు పెడుతోందని, కోటు మీద సాసరంత ‘యెస్’ బిళ్ళ తగిలించుకుందని ఇమెల్డా గాఫ్నీ అన్నదట. నాతో అనలేదు. కొట్టు నడిపే టెస్‌తో అన్నది. దూడల పాలపొడి బస్తా నా కారులో పెట్టిస్తూ టెస్ నాకు చేరవేసింది.

“నేనేం అనుకోలేదు నువాలా. ఇమెల్డా అన్నదే చెబుతున్నా. పూజ జరగబోయే ఇంట్లో అలాంటి పిల్ల ఉంటే ఫాదర్ గారు గడపెలా తొక్కుతారు అంది. ఇబ్బందయితే మా ఇంట్లో పెట్టేసుకోవచ్చు, మాకు వంటింట్లో కొత్త టైల్సు కూడా పడ్డాయి అంది.”

ఏమీ అనుకోకుండానే ఇంత మోసుకొచ్చిన మనిషి, అనుకుని ఉంటే ఏం చేసేదో.

“టైల్సయితే మోకాళ్ళకి చల్లగా ఉంటాయిలే” అని కారు కదిలించాను.

ఆ ఏడు వసంతం అసలు వసంతంలా రాలేదు. మార్చిలో కురిసిన మంచు గోడల వారన చాలాకాలం కరగలేదు. ఏప్రిల్ సగమైనా గడ్డి లేవలేదు. ఆవుల్ని షెడ్డులోంచి వదలడానికి లేదు, దొడ్లో ఎండుమేత అడుగంటింది. ఎక్కడ ఇద్దరు రైతులు కలిసినా మేత సంగతి, అదయ్యాక గొంతు తగ్గించి ఓటు సంగతి. కడుపులోని బిడ్డకి తల్లితో సమానంగా ప్రాణహక్కు ఇచ్చిన మాటొకటి అప్పట్లో మా ఐర్లండు రాజ్యాంగంలో ఉండేది. దాని వల్లే ఈ దేశంలో గర్భస్రావం చేయించుకోవడం కుదిరేది కాదు. అవసరం పడ్డవాళ్ళు గప్‌చుప్‌గా ఓడెక్కి ఇంగ్లండు పోయేవారు. ఆ మాట తీసెయ్యాలన్నవాళ్ళు యెస్, ఉంచాలన్నవాళ్ళు నో. మే నెలాఖరున ఓటు. కరెంటు స్తంభాలన్నిటికీ పోస్టర్లే. మా మలుపులో ఉన్న స్తంభానికి పైన యెస్, కింద నో. నా మొగుడు మాలకీ దాన్ని చూసి, “ఇది మన ఇల్లు లాగే ఉంది” అన్నాడు.

సరిగ్గా ఆ వసంతంలోనే పూజ వంతు మాకు వచ్చింది. మా డ్రమ్‌కీల్‌లో ఏడాదికో ఇంటికి ఫాదర్ వచ్చి, వంటింటి బల్లనే పీఠంగా చేసుకుని పూజ చెబుతారు. ఇరుగుపొరుగంతా వచ్చి మోకరిస్తారు. మా కేథలిక్ మతానికి చర్చి కట్టుకునే హక్కు లేని కాలంలో మొదలైన అలవాటట. చర్చి కట్టుకున్నాక కూడా మేం వదల్లేదు. దాని పేరు మీద ఇంటికి సున్నం పడుతుంది, విరిగిన కుర్చీకి కాలు వస్తుంది, అలిగిన అన్నదమ్ములు ఒక గదిలో కూర్చోక తప్పదు. ఒక ఇంటికి వచ్చి వెళ్ళాక మళ్ళీ వంతు తిరిగి వచ్చేసరికి ఒళ్ళో పిల్లలు బడికెళ్తుంటారు. మా అత్తగారు డీలియాకి ఎనభై దాటాయి. “ఇది నేను చూసే ఆఖరి పూజ” అని క్రిస్మస్ నుంచి అంటోంది. దిగులుగా కాదు. కోటు కొనుక్కుంటూ ఇదే ఆఖరి కోటు అన్నట్టు, గట్టి గుడ్డ ఏరుకునే మనిషిలా.

అందుకే టెస్ మోసుకొచ్చిన మాట నాకు గుచ్చుకుంది. పూజ ఇల్లు మారితే ఆవిడ తట్టుకోలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పక తప్పలేదు. డీలియా బంగాళదుంప మీద వెన్న రాసుకుంటూ నిదానంగా విన్నది.

“ఇమెల్డా అత్తగారి హయాంలో వాళ్ళింట్లో పూజ జరుగుతుంటే కుక్క లోపలికొచ్చి ఫాదర్ ఫలహారానికి పెట్టిన పంది మాంసం ఎత్తుకుపోయింది. అప్పుడెవరూ ఇల్లు మార్చమన్లేదే” అంది. తర్వాత మనవరాలి వైపు తిరిగింది. “బిళ్ళ పెట్టుకున్నావా?”

“పెట్టుకున్నా నానమ్మా.”

“సాసరంత ఉందా?”

“కోటు గుండీ అంత ఉంది.”

“అయితే ఇమెల్డా కళ్ళు చూపించుకోవాలి.”

ఇద్దరూ నవ్వారు. ఓర్లాని పెంచింది ఆవిడే. నేను కో-ఆపరేటివ్ ఆఫీసులో పనికి వెళ్తుంటే, జడ వెయ్యడం దగ్గర్నుంచి జపమాల దాకా దానికి నేర్పింది నానమ్మే. ఇప్పుడది టౌనులో మందుల షాపులో పనిచేస్తోంది. సాయంత్రం ఇంటికొస్తే ముందు నానమ్మ గదిలోకి వెళ్ళి షాపు కబుర్లు చెప్పాకే నాకు కనపడుతుంది.

“నేను నో వేస్తాను. నీకు తెలుసుగా” అంది డీలియా.

“తెలుసు. ఫాదర్ చెప్పారనేగా.”

“ఆయన చెప్పకముందు నుంచే. నా కారణం నాకుంది.”

ఏమిటా కారణమని ఎవరం అడగలేదు. మాలకీ ఉప్పుడబ్బా అందివ్వమన్నాడు.

ఆ ఆదివారం ఫాదర్ కోల్మన్ బిషప్ గారి లేఖ చదివారు. ఆయన మాట్లాడితే వినబుద్ధేస్తుంది. కాగితం పట్టుకుంటే మాత్రం పాఠం అప్పజెప్పే బడిపిల్లాడైపోతారు. కడుపున పడ్డ క్షణం నుంచీ ప్రతి బిడ్డా పూర్తి మనిషేననీ, యెస్ అనడం విశ్వాసి మనస్సాక్షికి తగని పనేననీ లేఖ సారాంశం. రెండో పేజీ తిప్పేసరికి టౌను బడిలో పాఠాలు చెప్పే ఆవిడ లేచింది. ఆమె వెనక ఇంకో జంట. ఆ తర్వాత మా వరసలోంచి ఓర్లా.

బయటికి పోవాలంటే నానమ్మని దాటుకుని పోవాలి. డీలియా మోకాళ్ళు పక్కకి జరిపి దారి ఇచ్చింది. కళ్ళు మాత్రం పీఠం మీంచి తిప్పలేదు.

ఫాదర్ చదవడం ఆపారు. మడమల చప్పుడు తలుపు దాకా పోనిచ్చారు. తలుపు మూసుకున్నాక, దారి తప్పిన ఆత్మల కోసం ప్రార్థిద్దాం అంటారనుకున్నాను. ఆయన అనలేదు. “బయట వాన పడుతోంది. గొడుగులు తీసుకెళ్ళారో లేదో” అని మళ్ళీ కాగితం అందుకున్నారు.

చర్చి వెనక భాగంలో ఎప్పుడూ నిలబడే ఉండే మగాళ్ళు ఆ రోజు కూడా సత్ప్రసాదానికి ముందే జారుకున్నారు. అది ఓటు వల్లో ఫుట్‌బాల్ వల్లో ఎవరూ చెప్పలేరు.

కానన్ డెవానీ అని పూర్వం ఇక్కడ పెద్ద ఫాదర్ ఉండేవాడట. ఆయన కాలంలో పూజ మధ్యలో లేచేవాళ్ళూ లేరు, లేచి ఈ ఊళ్ళో కాపురం చెయ్యగలిగేవాళ్ళూ లేరు అంటుంది మా అత్తగారు. కానన్ మాటకి జనం భయపడేవాళ్ళు. ఫాదర్ కోల్మన్ మాటకి మొహమాటపడతారు. నన్నడిగితే రెండోదానికే బలమెక్కువ. భయం చర్చి గేటు దాటగానే సగం దిగిపోతుంది. మొహమాటం మనతో ఇంటికొచ్చి, భోజనం బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. మా మామగారు ప్యాకీ ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని ఆయనకి గుర్రప్పందాల ఫలితాలు చదివి వినిపించింది ఫాదర్ కోల్మనే. మాలకీ నడుం పట్టేసి మంచాన పడితే మా గడ్డి కోయించడానికి మనుషుల్ని పోగేసింది ఆయనే. అలాంటి మనిషి చేతిలో కాగితం పట్టుకుని ఒక మాటంటే, మనం తల ఊపేది ఆ కాగితానికి కాదు, ఆ మంచం పక్కన కుర్చీకి.

తిరిగి వస్తుంటే కారులో మాలకీ అన్నాడు: “ఆయన మొహం చూస్తే నో వెయ్యాలనిపిస్తుంది. కూతురి మొహం చూస్తే యెస్ వెయ్యాలనిపిస్తుంది. నాకూ ఒక మొహం ఉండే ఉంటుంది, చూసుకునే తీరిక లేదు.”

వెనక సీట్లో వానకి తడిసిన ఓర్లా, పక్కన డీలియా. డీలియా తన కండువా తీసి దాని తల తుడుస్తోంది.

మే మొదటి వారంలో ఎండ వచ్చింది. మాలకీ గేటుకి రంగు వేస్తుంటే షెడ్డులో ఎర్రావు ఈనడానికి అవస్థ పడుతోందని కేక వేశాను. పశువుల డాక్టరు ఎక్కడో దూరాన ఉన్నాడు. అప్పుడే ఫాదర్ కోల్మన్ కారు లోపలికొచ్చింది. ఆయన దిగుతూనే సంగతి గ్రహించి, కోటు విప్పి నా చేతికిచ్చి, మెడలో తెల్లపట్టీ ఊడదీసి జేబులో కుక్కుకుని షెడ్డులోకి వెళ్ళారు. ఆయనా రైతు కొడుకే. దూడ కాళ్ళకి తాడు కట్టి మాలకీ ఒక పక్క, ఆయన ఒక పక్క లాగారు. దూడ జారి గడ్డిలో పడింది, కదల్లేదు. ఫాదర్ దాని ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పారు. తుమ్మింది. ఆయన మొహంలో వెలుగు చూడాలి. పీఠం దగ్గర కూడా అంత వెలుగు నేను చూడలేదు.

చేతులు కడుక్కుని వంటింట్లో టీకి కూర్చున్నారు. వెనక చిన్నగదిలో డీలియా బంగాళదుంపల తొక్క తీస్తోంది. తలుపు తీసే ఉంది.

“పూజ ఇల్లు మార్చమని ఫోన్లు వచ్చాయి నువాలా. ఒకావిడ టైల్సు సంగతి కూడా ఎత్తింది.”

“మీరేమన్నారు?”

“పశువులపాకలో పుట్టినాయనకి టైల్సు పట్టింపు లేదన్నాను.” నవ్వి, కప్పు తిప్పుతూ ఆగారు. “పూజ ఇక్కడే. డీలియమ్మ వంతు నేను తీసెయ్యను. కానీ ఒక మాట ముందే చెప్పాలని వచ్చాను. ఓటు గురించి ప్రతి ఇంటిపూజలోనూ చెప్పమని బిషప్ గారి ఆజ్ఞ. ఆజ్ఞ లేకపోయినా చెబుతాను. నమ్ముతాను కాబట్టి. ఓర్లా చర్చిలోంచి లేచి వెళ్ళడం వేరు. సొంత ఇంట్లోంచి లేచి ఎక్కడికి పోతుంది?”

“షెడ్డులోకి పోతాను ఫాదర్. కొత్త దూడ పుట్టిందట కదా” అంది గుమ్మంలోంచి ఓర్లా. షాపు తెల్లకోటు ఇంకా ఒంటి మీదే ఉంది. కాలర్ కింద బిళ్ళ.

“జ్ఞానస్నానం నాడు నా కళ్ళజోడు లాగి నీళ్ళలో పడేశావు నువ్వు. అప్పుడు నేను కుర్ర ఫాదర్ని. ఆ రోజు నుంచీ నీతో జాగ్రత్తగానే ఉంటున్నాను.”

ఓర్లా నవ్వలేదు. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

“నాతో బడిలో చదువుకున్న కీవా గుర్తుందా ఫాదర్?”

“ఎందుకు గుర్తులేదు. పెళ్ళి నేనే చేశాను.”

“పోయినేడు దానికి కడుపొచ్చింది. బిడ్డకి తల ఏర్పడలేదన్నారు. పుట్టినా గంట బతకదన్నారు. ఇక్కడ ఎవరూ ఏమీ చెయ్యకూడదన్నారు. నెలలు నిండేదాకా అందరూ ఎప్పుడు పురుడని అడుగుతుంటే నవ్వుతూ తిరగలేక, మొగుడూ పెళ్ళాం లివర్‌పూల్ పోయారు. బిడ్డని వెంట తెచ్చుకోవడం కుదర్లేదు. తర్వాత బూడిద పార్సిల్లో వచ్చింది. తలుపు తీసి అది చేత్తో అందుకుంది ఫాదర్. ఆ పెట్టె ఇప్పటికీ దుప్పట్ల అలమరలో ఉంది. ఎక్కడ పెట్టాలో తెలీదు దానికి.”

ఫాదర్ కోల్మన్ కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

“నా దగ్గరికి రావాల్సింది” అన్నారు. “నేను పాతిపెట్టేవాణ్ణి. పూజ చెప్పి, చర్చి దొడ్లో, వాళ్ళ తాతల పక్కన. ఒక్క మాట అడిగేవాణ్ణి కాదు.”

“ఆ సంగతి దానికెలా తెలుస్తుంది? ఆదివారం మీరు చదివిన కాగితంలో అది లేదు.”

ఆయన కప్పు ఎత్తి, తాగకుండానే దించారు. “లేదు” అన్నారు.

వెనక గదిలో కత్తి చప్పుడు ఆగిపోయి ఉందని అప్పుడు గమనించాను.

కోటు తొడుక్కుని గుమ్మం దిగుతూ ఆయన ఓర్లాని అడిగారు: “కీవా ఫోన్ నెంబరు ఇస్తావా?”

“దాన్నడిగి ఇస్తాను.”

“అదే మంచిది” అని కారెక్కారు.

కారు చప్పుడు వినపడనంత దూరం పోయాక డీలియా తడి చేతుల్తో బయటికొచ్చింది.

“ఏమన్నాడు? పాతిపెట్టేవాణ్ణి అన్నాడా?”

“అన్నారు అత్తయ్యా.”

“చర్చి దొడ్లోనే?”

“తాతల పక్కన అన్నారు.”

“పాలచుక్క కూడా ఎంగిలిపడని బిడ్డని. జ్ఞానస్నానం కూడా లేనిదాన్ని.”

“అలాగే అన్నారు.”

“ఊఁ” అని, చేతులు ఏప్రానుకి తుడుచుకుని మళ్ళీ దుంపల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రోజు తొక్క మందంగా తీసింది. దుంప సగానికి సగం పోయింది. తిండి పారేస్తే ఒప్పుకోని మనిషి, తానేం చేస్తోందో చూసుకోలేదు.

పూజకి ముందు శనివారానికి గోడలన్నీ తెల్లబడ్డాయి. బకెట్టు అడుగున సున్నం మిగిలింది. మాలకీ పారబొయ్యబోతే డీలియా ఆపింది.

“అదిటివ్వు. ఓర్లా, నా రబ్బరు బూట్లు తీసుకురా. నువ్వూ వేసుకో.”

“ఎక్కడికమ్మా?” అన్నాడు మాలకీ.

“కింది పొలానికి.”

వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. ముసలావిడ కర్ర పట్టుకుని ముందు, బకెట్టుతో ఓర్లా వెనక, గడ్డిలోంచి నెమ్మదిగా దిగిపోతున్నారు. కింది పొలంలో తెల్లముళ్ళ పొదలున్న మూలని పిల్లల దిబ్బ అంటారు. జ్ఞానస్నానం అందకముందే పోయిన పసిగుడ్లని పూర్వం అక్కడ పెట్టేవారు. చర్చి దొడ్లో వాళ్ళకి చోటిచ్చేవారు కాదు. తండ్రులే తీసుకెళ్ళి పెట్టి, గుర్తుకొక రాయి ఉంచి వచ్చేవారు. ఏ రాయి ఎవరిదో ఎవరూ చెప్పుకోరు. ఈ చుట్టుపక్కల చాలా ఊళ్ళలో అలాంటి చోటొకటి ఉంటుంది. మా మామగారు ప్యాకీ ఆ మూలకి నాగలి పోనిచ్చేవాడు కాదు. ట్రాక్టరు కొన్నాక, ఆ మలుపు దగ్గర టోపీ తీసేవాడట. మాలకీ కూడా తీస్తాడు. ఎందుకని పెళ్ళయిన కొత్తలో అడిగితే, “నాన్న తీసేవాడు” అన్నాడు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి ఓర్లా బూట్ల మీద సున్నం చుక్కలు, జుట్టులో తెల్లముళ్ళ పూరేకులు. ఆ పువ్వు ఇంట్లోకి వస్తే అరిష్టమని డీలియా దాన్ని గడప బయటే నిలబెట్టి, రేకులన్నీ దులిపాకే లోపలికి రానిచ్చింది. తను మాత్రం నేరుగా వెళ్ళి పడుకుంది.

“ఏం చేశారే?” అన్నాను ఓర్లాతో.

“ఒక రాయికి సున్నం వేయించింది. కిందికి వంగలేదు కదా, నేను వేశాను, తను పైనుంచి చూసింది. మిగతావాటికి కూడా వేద్దామా నానమ్మా అంటే, ‘వాటివాళ్ళు వాటికి వేసుకుంటారు’ అంది.”

నేను దాని మొహం చూశాను. అది నా మొహం చూసింది. తర్వాత ఇద్దరం పీఠం గుడ్డ ఇస్త్రీ చెయ్యడానికి వెళ్ళాం.

రాత్రి భోజనాల దగ్గర డీలియా మాలకీతో, “ఈసారి పోయినవాళ్ళ పేర్లు నేను చెబుతాను” అంది. ఇంటిపూజలో ఆ ఇంట్లో చనిపోయినవాళ్ళని ఒక్కొక్కరినీ పేరుపెట్టి తలుచుకుంటారు. ఇంటి మనిషి పేరు చెబితే, ఫాదర్, వచ్చినవాళ్ళు కలిసి ప్రార్థన చెబుతారు. కిందటిసారి మాలకీ చెప్పాడు.

“నీకు ఓపికుంటుందా అమ్మా?”

“పేర్లు చెప్పడానికి ఓపికెందుకు?”

ఓటు యెస్ వైపు పోయిందని లోకమంతటికీ తెలుసు. ఆ శుక్రవారం డీలియా, ఓర్లా ఒకే కారులో బడికి వెళ్ళి, ఒకరి తర్వాత ఒకరు ఓటు వేసి, దారిలో ఐస్‌క్రీము తిని వచ్చారు. ఎవరు ఎటు వేశారో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ అడగలేదు. నేను చెప్పాలనుకున్నది దాని సంగతి కాదు. అంతకు ముందు వారం, గురువారం పొద్దున జరిగిన పూజ సంగతి.

అందరికన్నా ముందు ఇమెల్డా వచ్చింది, చేతిలో తను కాల్చిన సోడారొట్టె. మా నేలా గోడలూ ఒకసారి పరకాయించి, “సున్నం బాగా పట్టిందమ్మా” అంది. అంతకన్నా మెచ్చుకోలు ఆమె నోట రాదు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఆడవాళ్ళు కుర్చీల్లో, మగాళ్ళు గుమ్మం చుట్టూ. వంటింటి బల్ల కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాం. తెల్లగుడ్డ, కొవ్వొత్తులు. పొయ్యి మీద ఫాదర్ ఫలహారానికి గుడ్లు ఉడకబెట్టడానికి నీళ్ళు.

ఓర్లా స్కోన్ రొట్టెల పళ్ళెం పట్టుకుని తిరుగుతుంటే డీలియా దాని చెయ్యి పట్టుకుంది.

“బిళ్ళేది?”

“తీసేశా నానమ్మా. నీ పూజ కదా.”

“తీసెయ్యమని నేనన్నానా?”

“లేదు.”

“మరి?”

ఓర్లా ఏప్రాను జేబులో చెయ్యి పెట్టి బిళ్ళని తడుముకుంది. పెట్టుకోలేదు. జేబులో చెయ్యి మాత్రం తీయలేదు.

ఫాదర్ ముందుగదిలో కూర్చుని ఒక్కొక్కరు చెప్పుకునే పాపాలు విన్నారు. డీలియా అందరికన్నా ముందు వెళ్ళి, వెళ్ళినంత త్వరగా వచ్చేసింది. “ఈ వయసులో చెప్పుకోవడానికి ఏముంటుంది, ఇమెల్డా గురించి అనుకున్నవి తప్ప” అంది నా చెవిలో.

పూజ మొదలైంది. సువార్త చదివి, పుస్తకం మూసి, ఫాదర్ మా అందరి కేసి చూశారు. బిషప్ గారి కాగితం అంచు పుస్తకంలోంచి కనపడుతూనే ఉంది. ఆయన దాన్ని తీయలేదు.

“నేనేం చెబుతానో మీకు తెలుసు” అన్నారు. “నా నమ్మకం మారలేదు. మీ ఓటు నేను వెయ్యలేను, అది మీ మనస్సాక్షి పని. కానీ ఒకటి చెప్పకుండా ఉండలేను. ఏ బిడ్డా దేవుడికి అక్కర్లేని బిడ్డ కాదు. పుట్టినా, పుట్టకపోయినా, ఒక్క ఊపిరే పీల్చినా, అదీ పీల్చకపోయినా. ప్రతి బిడ్డనీ ఆయన పేరుపెట్టి పిలుస్తాడు. అలాంటి బిడ్డని పోగొట్టుకున్న తల్లి ఎవరైనా సరే, ఏ ఓడెక్కి వెళ్ళొచ్చినా సరే, నా తలుపు తట్టొచ్చు. ఆదివారం చదివినదాంట్లో ఈ మాట లేదు. ఉండాల్సింది.”

ఇమెల్డా మొదటి సగానికి గట్టిగా తల ఊపింది. రెండో సగానికి ఊపాలో వద్దో తెలీక మా నేల కేసి చూస్తూ ఉండిపోయింది. ఓర్లా లేవలేదు. పొయ్యికి ఆనుకుని, జేబులో చెయ్యితో, ఆయన్నే చూస్తోంది.

పేర్ల వేళ అయింది. డీలియా కర్ర ఆసరా చేసుకుని లేచింది. కూర్చునే చెప్పండమ్మా అన్నారు ఫాదర్. ఆవిడ కూర్చోలేదు.

“ప్యాట్రిక్. మీ అందరి ప్యాకీ. నా భర్త.”

“ప్రభువా, అతనికి నిత్యవిశ్రాంతినివ్వండి” అన్నాం అందరం.

“హానోరా. మా అత్తగారు.”

“ప్రభువా, ఆమెకు నిత్యవిశ్రాంతినివ్వండి.”

“రీటా. నా చెల్లెలు.”

చెప్పాం. ఇక అయిపోయిందనుకుని ఫాదర్ పుస్తకం అందుకోబోయారు. డీలియా నిలబడే ఉంది.

“నా పెద్దకూతురు” అంది.

గుమ్మంలో మాలకీ తలెత్తాడు. ఆ క్షణం దాకా ఈ ఇంటికి పెద్దబిడ్డ తనేననుకుంటూ బతికిన మనిషి.

“మాలకీ కన్నా ముందుది. ఏడవలేదు. ప్యాకీ సబ్బుపెట్టెలో పెట్టుకుని తీసుకెళ్ళాడు. కింది పొలంలో ఉంది.”

మాలకీ తలకి టోపీ లేకపోయినా చెయ్యి టోపీ కోసం పైకి లేచింది. ఓర్లా వచ్చి నానమ్మ పక్కన నిలబడింది. ఫాదర్ కోల్మన్ కళ్ళజోడు తీశారు.

“పేరు చెప్పండి డీలియమ్మా. పేరుతోనే ప్రార్థిద్దాం.”

డీలియా ఆయన్ని సూటిగా చూసింది. కోపంగా కాదు.

“పేరు పెట్టుకుంటానని కానన్‌ని అడిగాను ఫాదర్. జ్ఞానస్నానం లేనిదాన్ని దేవుడు ఏ పేరుతోనూ పిలవడన్నాడు, మీరిప్పుడు నిలబడ్డ చోటే నిలబడి.”